మొదటి గ్లాసు

ట్యాంకు వీధి,
మార్చి 4

అన్నయ్యకి,

చెవులు తప్ప మిగతా అవయవాలన్నీ నీ మాట వింటున్నాయని తలుస్తాను. నీతో ఫోన్లో మాట్లాడాలంటే నేను అరవాలి, నేను అరిస్తే మా వీధంతా వినాలి. అందుకని ఉత్తరమే మేలు. పైగా ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డు తగల్లేవు.

అసలు సంగతి చెప్తాను. వచ్చే ఆగస్టుకి మన మునిసిపాలిటీకి నూరేళ్లు. పుస్తకం వేస్తున్నారు. ఇప్పటి చైర్మనమ్మ స్వయంగా నా గదికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, మన కుటుంబం గురించి నలభై పేజీలు రాసిమ్మని అడిగింది. "మీవాళ్లు లేకపోతే ఈ ఊరే లేదు కదండీ. ముప్పై ఏళ్లు లైబ్రరీ నడిపారు, మీకంటే బాగా ఎవరు రాస్తారు?" అంది. పొగిడితే పడిపోయే మనిషిని కదా, పడిపోయాను.

మొదటి మూడు తరాలూ నాకు కంఠతా వచ్చు. ముత్తాత పన్నెండు కుటుంబాలను వెంటబెట్టుకుని ఈ రాళ్ల నేలకు రావడం, మొదటి బావి నీళ్లు తాగి ఇద్దరు పోవడం, రెండో బావి తవ్వాక ఎవరూ నోట పెట్టడానికి సాహసించకపోతే ఆయన రాగి గ్లాసుతో తాగి, సాయంత్రం దాకా గట్టు మీదే కూర్చుని, "ఇంకా బతికే ఉన్నాను, ఇక రండి" అనడం. తాతయ్య మొదటి చైర్మనయ్యి వీధి కుళాయి దగ్గర తాగాడు. నాన్న ట్యాంకు కట్టించి తాగాడు. అన్నిసార్లూ అదే గ్లాసు. కొత్త లైను ఏది వేసినా మొదటి గ్లాసు మనవాళ్లు తాగాలి, ఆ తరవాతే ఊరు బిందె పెట్టాలి. ఈ ఊళ్లో పరీక్ష రిపోర్టు కంటే మన గొంతుకే విలువెక్కువ.

నాలుగోది నీది, కింది వీధి లైను. ఆ రోజు పొద్దున్న ఎలా గడిచిందో నువ్వే రాసి పంపాలి. తరవాతి ఘోరం సంగతి నేను చూసుకుంటాను. తొమ్మిది రోజుల్లో పదకొండు మంది వాంతులు, విరేచనాలతో పోవడం, నీళ్లు వదిలే ఆయన మధ్యాహ్నం పొరపాటున పాత చెరువు వాల్వు తిప్పాడని విచారణలో తేలడం, అతనికి జైలు శిక్ష పడడం, అన్నీ గుర్తున్నాయి. నొప్పి కలగకుండా ఒక పేరాలో దాటించేస్తాను.

ఆ నీళ్లు వదిలే ఆయనే, మన వాల్వాయన, మంచం పట్టాడు. కూతురు బట్టలు కుడుతుంది కదా, నా బట్టలు ఇవ్వడానికి వచ్చి కదలకుండా నిలబడిపోయింది. "నాన్న ఒక్కటి అడగమన్నాడండీ. ఆ రోజు అయ్యగారు తాగిన నీళ్లు రుచి ఎలా ఉన్నాయని. ఏమైనా తేడాగా అనిపించిందా అని" అంది. ముప్పై ఒక్క ఏళ్ల తరవాత ఇదేం ప్రశ్నో నాకర్థం కాలేదు. నువ్వు మాత్రం ఒక్క ముక్క రాయి.

నీ చెల్లాయి


స్టేషను వెనక వీధి, మూడో అంతస్తు,
మార్చి 16

చెల్లాయికి,

నలభై పేజీలు నీకేం సరిపోతాయి? చిన్నప్పుడు పక్క వీధిలో దెబ్బలాట చూసొచ్చి రెండు రోజులు చెప్పేదానివి.

ముత్తాత గురించి రాసేటప్పుడు ఒకటి మర్చిపోకు. ఆయన బావి గట్టు మీద కూర్చున్నది ఊరికే కాదు. మధ్యాహ్నానికి కడుపులో తిప్పిందట. అయినా కదల్లేదు. కడుపులో తిప్పడం ఎండవల్లేనని సాయంత్రానికి తేలింది. నాన్న నాకు పదిసార్లు చెప్పేవాడు, "గ్లాసు ఎత్తడం కాదురా, ఎత్తాక కూర్చోవాలి" అని. తాతయ్య కౌన్సిల్లో ఎవరి మీదా గొంతు పెంచలేదని రాయి. నాన్న ట్యాంకు నిచ్చెన అరవై ఏళ్ల వయసులో ఎక్కాడని రాయి. ఆ నిచ్చెన మెట్లు తొంభై నాలుగు.

నా గురించి రాయడానికేముంది? రెండుసార్లు చైర్మన్‌గా చేశాను, ఆరోగ్యం బాగాలేక తప్పుకున్నాను. అంతే రాయి.

వాల్వాయన ఇంకా ఉన్నాడా! పాపం. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయని చెప్పు. అంత మంచి నీళ్లు నా జన్మలో తాగలేదని చెప్పు.

మోకాలికి ఆ నూనె మానకు.

అన్నయ్య


ట్యాంకు వీధి,
ఏప్రిల్ 2

అన్నయ్యా,

నీ మాట నేనే తీసుకెళ్లి వినిపించాను. వినిపించకుండా ఉండాల్సింది.

కింది వీధి చివర గది. గుమ్మం పక్కనే కుట్టుమిషను, కిటికీ కింద మంచం. మనిషి దుప్పటికీ పరుపుకీ మధ్య ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. లేవబోయాడు, నేనే వద్దన్నాను. ఎందుకడిగావని అడిగితే చాలాసేపు చెప్పాడు.

"నా చేతిలో రెండు వాల్వులుండేవమ్మా. ఎడం పక్కది కొత్త లైనుది, కుడి పక్కది చెరువుది. కుడిది ముట్టుకోలేదనే నాకు గుర్తు. కోర్టులోనూ అదే చెప్పాను. కానీ అయ్యగారు పొద్దున్న అందరి ముందూ తాగారు, ఆయనకేం కాలేదు. అంటే పొద్దున్న నీళ్లు మంచివే కదా. మరి మధ్యాహ్నం నేనే ఏదో చేసుంటాను. ఆ సాయంత్రం మా ఇంటికి రెండు బిందెలు నేనే పట్టుకెళ్లాను. మా ఆవిడ ఆ నీళ్లే తాగింది. అయ్యగారికి ఒకవేళ అప్పుడే రుచి తేడాగా తగిలి, పెద్దమనిషి కనక పైకి అనలేదేమో... అలాగైతే నా చెయ్యి కాదన్నమాట. అదొక్కటీ తెలుసుకుని పోదామని."

అప్పుడు నేను నీ ఉత్తరం తీసి చదివాను. చల్లగా, తియ్యగా.

అతను ఏడవలేదు. కుడిచెయ్యి దుప్పటి మీద వెల్లకిలా పెట్టి కాసేపు చూసుకున్నాడు. "అయితే నా చెయ్యే" అన్నాడు. తరవాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. కూతురు మిషను ఆపి నన్ను గుమ్మం దాకా దిగబెట్టింది. నేను వెళ్లింది మంచి చెయ్యడానికో చెడు చెయ్యడానికో నాకు తెలియలేదు.

పదకొండు మందిలో అతని భార్య కూడా ఉందని నేనెలా మర్చిపోయానన్నయ్యా? నువ్వు మర్చిపోయావా?

చెల్లాయి


స్టేషను వెనక వీధి,
ఏప్రిల్ 19

చెల్లాయికి,

ఏదో మాటవరసకు రాసింది పట్టుకెళ్లి రోగి మంచం దగ్గర చదవడమేమిటి? నీకు ఇంగితం ఉండక్కర్లేదా? ముసలివాడు, చావుకు దగ్గరున్నవాడు, ఏదో ఆలోచిస్తూ ఉంటాడు. మంచి డాక్టరును చూపించు. మెత్తటి పరుపు ఒకటి కొనిపెట్టు.

ఇక్కడ మూడో అంతస్తుకి నీళ్లు పొద్దున్న ఒక గంటే వస్తాయి. నాలుగు బకెట్లు పట్టి వరసగా పెట్టుకుంటాను. నీళ్లవాళ్ల ఇంటి మనిషి బకెట్లు లెక్కపెట్టుకుంటున్నాడని నవ్వుకో.

ఆలోచించి చెప్తున్నాను, పుస్తకం నాన్న దగ్గర ఆపెయ్యి. నా కాలం వద్దు. కింది వీధి మాట అసలెత్తకు. పాత గాయాన్ని కెలకడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

అన్నయ్య


ట్యాంకు వీధి,
మే 27

అన్నయ్యా,

నెలరోజులుగా ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను, చింపేస్తున్నాను.

పుస్తకంలో వెయ్యడానికని చైర్మనమ్మ ఆఫీసులోని పాత ఫొటోలు పంపింది. అందులో కింది వీధి ప్రారంభం ఫొటో ఉంది. నువ్వు తల వెనక్కి వాల్చి గ్లాసెత్తావు. వాల్వాయన పక్కన చేతులు కట్టుకుని, నోరు కొంచెం తెరుచుకుని, నువ్వు మింగుతుంటే తనే మింగుతున్నట్టు చూస్తున్నాడు. వెనకాల గొడుగు పట్టుకుని నేను. అందరం నీ గొంతునే చూస్తున్నాం.

లైబ్రరీలో పనిచేసినదాన్ని, అక్షరాలు సన్నగా ఉంటే భూతద్దం పెట్టడం అలవాటు. పెట్టాను. కుళాయి కింద సిమెంటు గట్టు తెల్లగా, పొడిగా ఉంది. ఒక్క చుక్క పడిన మచ్చ లేదు. నీ వెనక బల్ల కింద ఆకుపచ్చ ఫ్లాస్కు ఉంది.

ఆ ఫ్లాస్కు నాకు తెలుసు. అంతకు మూడు వారాల ముందు నీకు కామెర్లు. కాచిన నీళ్లు తప్ప తాగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ పొద్దున్న "మాత్ర వేసుకోవాలి, ఫ్లాస్కు నింపివ్వు" అన్నావు. కాచి, చల్లార్చి, వడకట్టి నింపింది నేను. ఇంటికొచ్చాక కడిగిందీ నేనే. ఒక గ్లాసుడు తగ్గింది. నీ చొక్కా జేబులోని మాత్ర మాత్రం పొట్లంలోనే ఉంది. ఆ చొక్కా కూడా నేనే ఉతికాను కనక చెప్తున్నాను.

చూడలేదని అనను. అన్నీ చూశాను. చూసి ఆలోచించలేదు. మన ఇంట్లో పుట్టినదాన్ని, అలా ఆలోచించడం నాకు చేతకాలేదు.

పొద్దున్న నువ్వు తాగావు, నీకేం కాలేదు, కాబట్టి పొద్దున్న నీళ్లు మంచివే, కాబట్టి తప్పు మధ్యాహ్నం వాల్వు తిప్పినవాడిదే. విచారణంతా ఆ ఒక్క గ్లాసు మీద నిలబడింది. అన్నయ్యా, ఆ గ్లాసులో ఉన్నవి కుళాయి నీళ్లా, నేను కాచిన నీళ్లా?

చెల్లాయి


స్టేషను వెనక వీధి,
జూన్ 8

లైబ్రేరియన్ గారికి,

నిన్ను నలభై పేజీలు రాయమన్నారు, కేసు విచారించమనలేదు. ఎండలో సిమెంటు నిమిషంలో ఆరిపోతుంది. ఆ మాత్రం తెలియదా? కోర్టు తీర్పిచ్చింది, శిక్ష కూడా అయిపోయింది. ఇప్పుడు భూతద్దం పట్టుకుని బయల్దేరావు.

నువ్వు తిన్న తిండి, చదివిన చదువు, చేసిన ఉద్యోగం, అన్నీ ఆ గ్లాసు పుణ్యమే. ముత్తాత నుంచి నలుగురు మనుషుల పరువు ఒక ఫొటో మీద పెట్టి తూకం వేస్తున్నావు. నాన్న ఉంటే నీ మొహం చూసేవాడు కాదు.

ఫొటో వెంటనే తిరిగి ఇచ్చెయ్యి. ఇక ఈ విషయం మీద నాకు రాయకు.

ఇట్లు,
మాజీ చైర్మన్


ట్యాంకు వీధి,
జూన్ 30

మాజీ చైర్మన్ గారికి,

మీరు అవునని రాయలేదు, కాదనీ రాయలేదు. సిమెంటు ఆరిపోతుందని రాశారు. నాకది చాలు.

డాక్టరును చూపించాను, మీరు చెప్పినట్టే. ఇంకో నెల కష్టమన్నాడు. పరుపు కూడా కొన్నాను. దాని మీద పడుకుని కుడిచెయ్యి గాల్లో పెట్టి తిప్పుతుంటాడు, ఒకసారి అటు, ఒకసారి ఇటు. ఆ మధ్యాహ్నం ఎటు తిప్పాడో చేతికైనా గుర్తుంటుందేమోనని. నేను వెళ్తే సిగ్గుపడి ఆపేస్తాడు.

నాకు రాయొద్దు. కోర్టుకి రాయొద్దు, పేపరుకి రాయొద్దు. పుస్తకం సంగతి వదిలెయ్. అతనికి రాయన్నయ్యా. ఒక్క వాక్యం చాలు. అతనికి వినపడుతుండగానే రాయి. ఇది నేను బతిమాలుకుని అడుగుతున్నాను. మన ఇంట్లో ఎవరూ ఎవర్నీ బతిమాలరని నాకు తెలుసు.

చెల్లాయి


స్టేషను వెనక వీధి,
జూలై 20

వాల్వు పని చూసిన అన్నగారికి,

ఇది మీకే రాస్తున్నాను. మా చెల్లెలు చదివి వినిపిస్తుంది.

ఆ రోజు నేను కుళాయి నీళ్లు తాగలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న కాచిన నీళ్లు బల్ల చాటున ముందే గ్లాసులో పోసి పెట్టుకున్నాను. కుళాయి మీదికి వంగి, తిప్పినట్టు చేసి, గ్లాసెత్తాను. మనుషులు చుట్టూ మూగి ఉన్నారు. మా ఇంటివాళ్ల చేతివైపు ఎవరు అనుమానంగా చూస్తారు? నీళ్ల పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు. వారం ఆగమని ఓవర్‌సీరు చెప్పాడు. ఎన్నికలు దగ్గరపడ్డాయని నేనే ఆగలేదు. కామెర్ల నుంచి లేచినవాణ్ణి కదా, నా ఒక్కడికీ కాచినవి ఉంటే తప్పేముందనుకున్నాను. నీళ్లు చెడ్డవని నాకు అప్పుడు తెలియదు. నమ్మితే నమ్మండి.

నాలుగో రోజు ఓవర్‌సీరు వచ్చి కొత్త గొట్టం మురుగు కాలువ కింద పగిలిందని చెప్పాడు. మొదటి గంట నుంచే మురుగు కలిసింది. ఎవరికీ చెప్పకుండా బాగు చేయించాను. చెరువు వాల్వు ఎవరూ తిప్పలేదు. మీరూ తిప్పలేదు.

విచారణలో నన్ను రెండే అడిగారు. తాగారా అన్నారు, తాగానన్నాను. ఏమైనా అయిందా అన్నారు, లేదన్నాను. తాగలేదని ఒక్క మాట అంటే మీరు ఇంటికెళ్లేవారు. నోటి దాకా వచ్చింది. ముత్తాత దగ్గర్నుంచి ఊరు తాగింది నీళ్లను కాదు, మా మాటను. అది పోతుందని మింగేశాను. ఓవర్‌సీరు రెండేళ్లకి పోయాడు. నేను ఊరొదిలి వచ్చేశాను, ఆరోగ్యం బాగాలేదని.

మీ చెయ్యి తప్పు చెయ్యలేదు. మీ ఇల్లాలిని చంపింది నేను. క్షమించమని అడగడానికి నాకు అర్హత లేదు.

మొన్న మార్చిలో చల్లగా, తియ్యగా ఉన్నాయని రాసింది కూడా నేనే.

మాజీ చైర్మన్


ట్యాంకు వీధి,
ఆగస్టు 3

అన్నయ్యా,

నీ ఉత్తరం జూలై 28న వచ్చింది. కవరు మీద నీ చేతిరాత చూడగానే చెప్పులు కూడా వేసుకోకుండా కింది వీధికి పరుగెత్తాను. ఈ మోకాళ్లతో.

అతను 25న పొద్దున్న పోయాడు. ఆ సంగతి నాకు తెలియదని కాదు. అంత్యక్రియలు నేనే దగ్గరుండి జరిపించాను. అయినా నీ కవరు చేతికొచ్చేసరికి ఆ మాటే మర్చిపోయి పరుగెత్తాను. గుమ్మంలో ఖాళీ మంచం నిలబెట్టి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది.

తరవాత మెట్ల మీద కూర్చుని కవరు తిప్పి చూశాను. నువ్వు రాసింది ఇరవయ్యో తేదీ. పోస్టు ముద్ర ఇరవై ఆరు. మీ ఊరి నుంచి ఉత్తరం రెండు రోజుల్లో వస్తుంది, ఎప్పుడూ అంతే. రాసిన రోజే కిందికి దిగి డబ్బాలో వేసుంటే ఇరవై రెండుకి నా చేతిలో ఉండేది. మూడు రోజులు మిగిలేవి. ముప్పై ఒక్క ఏళ్లు మింగినవాడివి, కక్కిన తరవాత ఇంకో ఆరు రోజులు బల్ల మీద పెట్టుకుని చూసుకున్నావన్నమాట. నీ మీద నాకు కోపం రావట్లేదు. వస్తే బాగుండునని ఉంది.

కూతురికి ఇచ్చాను. మిషను పక్కన నిలబడే మొత్తం చదివింది. మడతలు పోకుండా మళ్లీ మడిచి నాకే ఇచ్చేసింది. "ఇది నాన్నకి రాసిందండీ. నేనేం చేసుకోను?" అంది. తిట్టలేదు. తిడితే కాళ్ల మీద పడదామనుకున్నాను, ఆ దారి కూడా లేకపోయింది. ఆఖరి పూట కూడా అతని చెయ్యి కదులుతూనే ఉందని ఆమే చెప్పింది. మాట పడిపోయింది, చూపు పోయింది, చెయ్యి మాత్రం దుప్పటి మీద అటూ ఇటూ తిరిగిందట. తనే పట్టుకుని ఆపిందట.

చైర్మనమ్మకి కూడా చూపించాను. రెండుసార్లు చదివింది. ఆమె చెడ్డది కాదు, కళ్లు తుడుచుకుంది. "పుస్తకం ప్రెస్సు నుంచి వచ్చేసిందండీ. ఇప్పుడు ఇద్దరూ... ఆయన లేరు, ఈయన ఇక్కడ లేరు. ఊరు నమ్ముకోవడానికి ఒక మంచి మాటుండాలి కదా" అంది. పుస్తకం నా చేతిలో పెట్టింది. నా మూడు తరాలూ అక్షరం పోకుండా వేశారు. నీ ఫొటో నిండు పేజీకి వేశారు, నడుము దాకా. సిమెంటు గట్టూ లేదు, ఫ్లాస్కూ లేదు. పక్కన వాల్వాయన కూడా లేడు, అంచు కత్తిరింపులో పోయాడు. కింద "ఊరి గొంతు తడిపిన నాలుగో తరం" అని ఉంది. ఆ మాట నేను రాసింది కాదు. నువ్వు అడిగినట్టే కింది వీధి ప్రస్తావన ఎక్కడా లేదు.

పదో తేదీన ఉత్సవం. కింది వీధికి మళ్లీ కొత్త లైను తెరుస్తున్నారు. ఇంట్లో మిగిలింది నేనే కనక మొదటి గ్లాసు నన్ను తాగమన్నారు. రానన్నాను. "పోనీ గ్లాసైనా ఇవ్వండి, మీ పేరు చెప్పి ఎవరో ఒకరం తాగేస్తాం" అన్నారు. పరీక్ష రిపోర్టు వచ్చిందా అని అడిగాను. వస్తుందన్నారు.

ఊళ్లో పది మందికి చెప్పాను. నీ ఉత్తరం చూపించే చెప్పాను. సగం మంది నాకు మతి చలించిందనుకున్నారు. మిగతా సగం మంది నమ్మారు, నమ్మి, ఇప్పుడెందుకులెండి అన్నారు. పదో తేదీన ఎవరో తాగుతారు, వీళ్లందరూ బిందెలు పెడతారు.

ఆ గ్లాసు వాళ్లకి ఇవ్వలేదు. నీకు పార్సిలు చేశాను, గుడ్డలో చుట్టి. ముత్తాతది, తాతయ్యది, నాన్నది, ఇక నీది. పొద్దున్న ఆ గంటలో కుళాయి వచ్చినప్పుడు దాంట్లో పట్టుకుని తాగు. కాచకుండా తాగు.

రుచి ఎలా ఉందో నాకు రాయకు.

చెల్లాయి